మూటల మధ్య డ్రమ్ములు

ఇప్పుడు పిల్లలకి ఏదైనా నేర్పించాలంటే ముందు వాళ్ళ ఇష్టం కనుక్కుంటున్నారు, తర్వాత డెమో క్లాసుకి తీసుకెళ్తున్నారు, నచ్చకపోతే మానెయ్యమంటున్నారు. మా చిన్నతనంలో ఈ మర్యాదలేవీ లేవు. పెద్దవాళ్ళకి ఏ వస్తువు చవగ్గా దొరికితే పిల్లల్లో ఆ ప్రతిభ బయటపడేది. నేను డ్రమ్ములు నేర్చుకున్నది అలాగే. నేర్చుకోవడం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదల్లా ఆ తర్వాత నా మీద మోపిన నేరం గురించి. నలభై దాటినా ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదివి మీరే చెప్పండి, తప్పు ఎవరిదో.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో టోకు బట్టల కొట్టు. కింద కొట్టు, మధ్య అంతస్తులో మేము, ఆ పైన సరుకు దాచే గోడౌను గది. నేతచీరలు, లుంగీలు, తువ్వాళ్ళు మూటలు కట్టి ఆ గదిలో పేర్చేవారు. కంకిపాడు, చల్లపల్లి, మైలవరం వైపు నుంచి చిల్లర కొట్లవాళ్ళు వచ్చి బేరమాడి పట్టుకెళ్ళేవారు. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, బాబాయి బయటి పనులు చూసేవాడు. బాబాయికి పాత వస్తువు కనబడితే కొనకుండా ఉండలేని జబ్బు ఒకటి ఉండేది (తలుపు పడని ఫ్రిజ్జు, ఒకే ఒక్క మెట్టు పలికే హార్మోనియం అప్పటికే ఇంట్లో ఉన్నాయి). ఒకసారి చల్లపల్లిలో పెళ్ళిబట్టలు దింపడానికి వెళ్ళినవాడు ట్రాలీ ఆటోలో డ్రమ్ముల సెట్టుతో తిరిగొచ్చాడు. పెళ్ళిళ్ళకి క్యాసెట్ల మైకుసెట్లు వచ్చాక అక్కడి ఆర్కెస్ట్రా ఒకటి మూతపడిందట. పెద్ద డ్రమ్ము ముఖాన నెమలి బొమ్మ, దాని తోక సగం రాలిపోయింది. ఇత్తడి తాళానికి అంచున చీలిక. కాలితో తొక్కే మీటకి స్ప్రింగు పోతే ఎవరో సైకిల్ ట్యూబు ముక్క కట్టారు. కూర్చునే స్టూలు రానేలేదు.

"అమ్మడు కోసం తెచ్చానొదినా," అన్నాడు బాబాయి, ఎదురుగా అమ్మ నిలబడగానే. అంతవరకూ అది ఎవరికోసమో బాబాయికే తెలియదని నా గట్టి నమ్మకం. అమ్మ నన్ను వెనక వీధి టీచరుగారి దగ్గర సంగీతంలో చేర్పించాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. ఆడపిల్ల రోడ్డు మీద బ్యాండువాళ్ళలా ఇదేమిటని రెండు పూటలా దెప్పింది. నాకు మాత్రం ఆ నెమలిని చూసినప్పుడే ప్రాణం లేచొచ్చింది. పుల్లలు చేతిలోకి తీసుకుని ఒక్కటి వేశానో లేదో వీధిలో వెళ్తున్న రిక్షా ఆగిపోయింది. దాంతో నాన్న తీర్పు చెప్పారు. డ్రమ్ములు గోడౌను గదిలోనే ఉండాలి, చప్పుడు రోడ్డు మీదికి రాకూడదు. కార్తీకమాసంలో బట్టల వర్తకులందరం కలిసి వనభోజనాలకి వెళ్తాం కాబట్టి అక్కడ నలుగురిలో పద్ధతిగా వాయిస్తే సరే, పరువు తీస్తే పాత సామాన్ల వాడికి ఇచ్చేయడమే.

ఆ గదిలో నా చదువు మొదలైంది. తువ్వాళ్ళ మూట నా స్టూలు. చుట్టూ నాలుగు వైపులా మూటలు, కప్పుకి తగిలేలా. గురువు బాబాయే. ఆర్కెస్ట్రావాడు డ్రమ్ములు ఆటోలోకి ఎక్కిస్తూ చూపించిన నాలుగు దెబ్బలే బాబాయి విద్య. వాటినే అటు తిప్పి ఇటు తిప్పి నాకు నేర్పాడు. వచ్చిన చిక్కల్లా, ఎంత కొట్టినా ఆ గదిలో శబ్దం పుట్టేది కాదు. దెబ్బ పడగానే మూటలు మింగేసేవి. వినబడాలంటే భుజం దాకా చెయ్యెత్తి కొట్టాలి. నేను అలాగే కొట్టాను, చెమటలు కక్కుతూ, నెలల తరబడి. కింద గల్లా దగ్గర నాన్నకి ఎక్కడో దూరాన దోసెల పిండి రుబ్బుతున్నట్టు వినబడేదట. "పిల్ల చేతిలో మార్దవం ఉంది," అని అమ్మతో అన్నారు. నాన్న నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి, ఆ మెచ్చుకోలు పట్టుకునే ఇంకా గట్టిగా కొట్టాను.

వనభోజనాలు మైలవరం దగ్గర మామిడితోటలో. తోటలో చెట్ల కింద వాయిస్తానని నేను, బాబాయి లెక్క వేసుకున్నాం. తీరా విస్తళ్ళు వేసే వేళకి వాన పట్టుకుంది. అందరూ కాయలు ప్యాక్ చేసే రేకుల షెడ్డులోకి పరుగెత్తారు, డ్రమ్ములతో సహా. పైన రేకులు, పక్కన రేకులు, కింద సిమెంటు గచ్చు. నేను బుట్టచేతుల జాకెట్టు, పట్టుపరికిణీ వేసుకుని వెళ్ళి కూర్చున్నాను. నాన్న ముందు వరసలో, మొహం వెలిగిపోతూ. భుజం దాకా చెయ్యెత్తాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకంటే చూసినవాళ్ళు బాగా చెబుతారు. చంటిపిల్లలు ఒక్కసారిగా గుక్కపట్టారు. ఒకాయన విస్తరిలోని పులిహోర ఒళ్ళో పడింది. రేకులు కూలుతున్నాయనుకుని ఇద్దరు ముగ్గురు వానలోకి దూకారు. నాకు మాత్రం ఆ మోత వినబడగానే ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి నేను కొట్టినది నాకు వినబడింది! బాబాయి వచ్చి పుల్లలు లాక్కునేదాకా ఆపలేదు.

అప్పుడు లేచారు ఎదురుకొట్టాయన. మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఆయన కొట్టు, మా నాన్నకి మర్యాదస్తుడైన శత్రువు. తడిసిన కండువా పిండుకుంటూ ఎంతో ప్రేమగా, "ఏమ్మా, ఇంత మోత మోగిస్తావు, మా కొట్టుకి ఏనాడూ వినబడలేదేమ్మా?" అని అడిగారు. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలని నాకు నేర్పింది మా ఇంట్లోవాళ్ళే. చెప్పాను.

"మా గోడౌనులో వాయిస్తానండి. కప్పు దాకా మూటలున్నాయి కదండీ, అందుకని బయటికి రాదు."

"కప్పు దాకానా?" అన్నారాయన మెల్లిగా, నాన్న వైపు చూస్తూ. నాకేం తెలుసు? దసరా అయిపోయి, దీపావళి కూడా వెళ్ళిపోయాక టోకు వర్తకుడి గదిలో కప్పు దాకా సరుకుందంటే ఆ ఏడు వ్యాపారం పడుకున్నట్టేనని నాకెవరైనా చెప్పారా? అమ్ముడుపోని సరుకు సంగతి వర్తకుడు కట్టుకున్నదానికి కూడా చెప్పడని చెప్పారా? నాన్న నెల రోజులుగా ఊరందరితో "వచ్చిన మూట వచ్చినట్టే పోతోందండీ" అంటున్నారట. నేను స్కూల్లో ఉన్న సమయంలో అన్న మాటలు నాకెలా తెలుస్తాయి?

ఇంటికొచ్చాక నాన్న ఒక్కటే అన్నారు: "నిన్నెవరడిగారే?" ఎదురుకొట్టాయన అడిగారని, అడిగినప్పుడు మీరూ అక్కడే ఉన్నారని చెప్పాను. అది ఇంకా పెద్ద తప్పయింది. డ్రమ్ముల మీద దుప్పటి కప్పారు. పాత సామాన్ల వాడికి కబురు వెళ్ళింది (వాడు సంక్రాంతి వెళ్ళాక వస్తానని ఆ సంగతే మరిచిపోయాడు కాబట్టి నెమలి బతికింది). సంగీతం టీచరుగారి దగ్గర చేరి, నేను గొంతెత్తినప్పుడల్లా ఆవిడ చెవి తడుముకోవడం చూశాను.

తర్వాతేమైందో వినండి. నా మాట డెల్టా అంతా పాకింది. వీళ్ళ దగ్గర సరుకు పేరుకుపోయింది, ఇప్పుడైతే దిగొస్తారని ఎన్నడూ మా గడప తొక్కని కొట్లవాళ్ళు కూడా కట్టకట్టుకుని వచ్చారు. నాన్న పళ్ళు నూరుకుంటూనే బేరాలు కుదుర్చుకున్నారు. మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చేసరికి గది ఊడ్చినట్టయిపోయింది. ఆ గిరాకీ అంతా ఎవరి నోటి చలవ? ఇంట్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ మాటన్నారా? లేదు. పైగా ఎదురుకొట్టాయన మాత్రం కనిపించినవాళ్ళందరికీ ఇంకా కప్పు దాకా కథే చెప్పేవారు. నాన్నకి తిండి సహించేది కాదు. గది తలుపు తీసి, చూడండయ్యా ఖాళీ అని పిలవలేరు కదా!

ఒక పొద్దున నాన్న నన్ను మేడ మీదికి రమ్మన్నారు. గది కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నెమలి మీద దుప్పటి లేదు.

"వాయించమ్మడూ," అన్నారు.

నాకు కోపం పొంగుకొచ్చింది. "మీరే కదా నాన్నా వద్దన్నది," అన్నాను. ఆయన పుల్లలు నా చేతికిచ్చారు. సరే కదా అని కూర్చుని, షెడ్డు అవమానం గుర్తుంది కాబట్టి, వేళ్ళతో పట్టి మెత్తగా వాయించాను. నాన్న తల అడ్డంగా ఊపారు. "అలా కాదు. మైలవరంలో వాయించావే, అలాగ."

భుజం దాకా చెయ్యెత్తాను. ఖాళీ గది నాలుగు గోడలూ కలిసి అరిచాయి. చీలిన తాళం రోడ్డు చివరి దాకా వినబడి ఉంటుంది. ఎదురుకొట్టాయన అరుగు మీదికి వచ్చి తలెత్తి చూశారు. నాన్న కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో వినయంగా అన్నారు: "ఏం లేదండీ, పిల్ల సాధన చేసుకుంటోంది. గది ఖాళీ కదండీ, కాస్త మోగుతుంది."

అప్పట్నుంచి నా సంగీతం మా సరుకుతో నడిచింది. సరుకు దిగిన వారం "ఇవాళొద్దమ్మా", అది అమ్ముడైన వారం "కిటికీ తీసి వాయించమ్మా". ఇలా నేర్చుకుంటే ఎవరికైనా వస్తుందా చెప్పండి? నాకు ఆ నాలుగు దెబ్బలే మిగిలాయి.

ఇప్పుడు కొట్టు నేనే చూస్తున్నాను. చిల్లర కొట్లవాళ్ళు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. ఉన్న నాలుగు ఆర్డర్లూ ఫోన్లో వస్తాయి, కింద బల్ల మీదే సర్దేస్తాను. పై గదిలోకి మూట ఎక్కి చాలా కాలమైంది. మొన్న సెలవుల్లో మా చిన్నది ఆ గదిలో నెమలిని చూసి, ఇదేంటమ్మా అని వెంటపడింది. ట్యూబు ముక్క మార్చి, నా నాలుగు దెబ్బలూ చూపించి కూర్చోబెట్టాను. అది ఒక్కటి వేసేసరికి ఇల్లంతా దద్దరిల్లింది.

కింద వాలుకుర్చీలో ఉన్న నాన్నకి ఈమధ్య మనం మాట్లాడేదే సరిగా వినబడదు. అది వినబడింది. నేను పరుగున దిగేసరికి ఆయన కప్పు వైపు చూస్తున్నారు, మైలవరం ముందు వరసలో కూర్చున్నప్పటి మొహంతో.

"గది ఖాళీ అయిపోయిందన్నమాట," అన్నారు. "ఎదురుకొట్టాయనకి వినబడిందంటావా?"

ఎదురుకొట్టాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. గది ఎందుకు ఖాళీగా ఉందో కూడా నాకు తెలుసు. అడిగితే చాలు నలుగురిలో ఉన్నదున్నట్టు చెప్పేసిన ఆ పరికిణీ పిల్ల కోసం ఒక్క క్షణం చూశాను, రాలేదు.

"వినబడింది నాన్నా. అరుగు మీదికొచ్చి చూస్తున్నారు," అన్నాను. మెట్ల దగ్గరికి వెళ్ళి, ఇంకాస్త గట్టిగా వాయించమని చిన్నదానికి కేకేశాను.