లేని కెటిల్ కోసం పదకొండేళ్ల తగాదా

బెలూను మెడకు దారం చుడుతున్నంతసేపూ ఒడ్వార్ చేతులు పసిబిడ్డకు చొక్కా తొడుగుతున్నంత మెత్తగా కదిలేవి. నోరు మాత్రం ఎవరినో ఒకరిని దులిపేస్తూనే ఉండేది. తగాదా పడకుండా బెలూను ఎగరేయడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఆ పూట ఎవరితో పడితే వాళ్ల పేరే బెలూనుకు పెట్టి, "పో, పైకెళ్లి పగులు" అని దీవించి వదిలేవాడు.

ఉత్తరధ్రువం దగ్గరి ఆ నార్వే దీవిలో శీతాకాలమంతా ఉండేది తొమ్మిదిమంది మనుషులు, నాలుగు కుక్కలు. మధ్యాహ్నం ఒకటి, అర్ధరాత్రి ఒకటి, రోజుకు రెండు బెలూన్లు. కింద కట్టిన పెట్టె, ఆకాశంలో చలి ఎంతో, గాలి ఎటో రేడియోలో చెబుతుంది. ఆ అంకెలు పంపితే అవతల నార్వే ఒడ్డున ఉన్న వాతావరణ కార్యాలయం వాళ్లు తుఫాను ఎప్పుడొస్తుందో లెక్కగడతారు. తొమ్మిదిమందిలో రోజుకు ఇద్దరితో తగాదా అంటే వారం తిరక్కుండానే సరుకు అయిపోతుంది. అప్పుడు కుక్కల వంతు వచ్చేది.

రాన్‌వైగ్ ఆ వాతావరణ స్టేషనుకు చీఫ్‌గా వచ్చిన నాలుగో రోజున బెలూన్ల రిజిస్టరు తెరిచింది. సమయం, గాలి, పగిలిన ఎత్తు అనే గడుల పక్కన ఎవరో స్కేలు పెట్టి ఇంకో గడి గీశారు. దాంట్లో తన పేరు కనిపించింది. 'రాన్‌వైగ్. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు.'

"ఇదేమిటి?" అంది.

"మీరే, చీఫ్‌గారూ. నిన్న నా పట్టకారు తీసి వేరేచోట పెట్టారు" అన్నాడు ఒడ్వార్.

ఆమె ముఖం ఎర్రబడింది. భోజనాల దగ్గర వంటాయన ఆస్లాక్ ఓదార్చాడు. "బాధపడకండి. మొదటిసారికి ఇరవై ఎనిమిది తక్కువేం కాదు. నేను ముప్పై నాలుగు. ఈ దీవిలో నన్ను మించినవాడు లేడు." ఆ అంకెను వంటగది తలుపు మీద చెక్కుకున్నాడు కూడా.

అందులో ఆస్లాక్ గొప్పతనం కంటే అతని పొయ్యి గొప్పతనమే ఎక్కువ. చలికి బిరుసెక్కిన రబ్బరు తొందరగా పగులుతుంది. వెచ్చబెడితే సాగుతుంది, ఇంకా పైకి పోతుంది. ఈ సంగతి ఒడ్వార్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. చేత్తో తడిమి కనిపెట్టాడు. ఒకరోజు ఆస్లాక్ రొట్టె కోసం పొయ్యి గూడు తెరిస్తే లోపల బెలూను హాయిగా పడుకుని ఉంది.

"నా రొట్టె ముద్ద ఏదయ్యా?"

"బయట మంచులో పెట్టాను. అదేం ఆకాశానికి వెళ్లాలా?"

ఒడ్వార్ చదివింది ఏడో తరగతి. ముప్పై ఏళ్ల కిందట జనరేటరు బాగుచేయడానికి వచ్చి, వెళ్లిపోవడం మరిచిపోయాడు. మంచు మీది గాలి వెచ్చటి సముద్రం మీదికొస్తే తుఫాను ఎలా పుడుతుందో రాన్‌వైగ్ బోర్డు మీద గీసి గంటసేపు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "చాలా బాగుంది. ఇప్పుడు మీరు ముడి వేసి చూపించండి" అన్నాడు. వేసింది. ఆయన ఒక్కసారి లాగి చూసి, విప్పి, మళ్లీ తనే వేశాడు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆమె వేసిన ప్రతి ముడికీ అదే గతి.

ఇవన్నీ ఇంట్లో తగాదాలు. అసలైనది సముద్రం మీద ఉండేది. 'లోమ్వీ' అనే చేపల పడవ నడిపే ఇంగ్‌వాల్‌తో ఒక కాఫీ కెటిల్ గురించి పదకొండేళ్లుగా నడుస్తోంది. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఎనిమిది గంటలకు రేడియో గదిలో కూర్చున్న రాన్‌వైగ్ చెవులారా వింది.

"ఒరేయ్ ఇంగ్‌వాల్, నా కెటిల్ ఎప్పుడిస్తావు?"

"నీ కెటిల్ నేను చూడనైనా లేదురా ముసలాడా!"

"దొంగ ఏ మూల దాక్కున్నాడో?"

"దాక్కోవాల్సిన ఖర్మ నాకేమిటి? మీ దీవికి సరిగ్గా ఉత్తరాన అరవై కిలోమీటర్లు, మంచు అంచున ఉన్నాను. డెక్కు మీద రెండంగుళాల మంచు పేరుకుంది. దమ్ముంటే వచ్చి పట్టుకో!"

ఒడ్వార్ రేడియో కట్టేసి, "మూడో బెలూను కావాలి, ఇప్పుడే" అన్నాడు.

"వీల్లేదు" అంది రాన్‌వైగ్. ముందు రోజే ఒడ్డు నుంచి తాఖీదు వచ్చింది. జనవరిలో ఐదు అదనపు బెలూన్లు ఎందుకు ఎగిరాయి? ఇకపై అనుమతి లేకుండా రోజుకు రెండు దాటకూడదు. "ఈ రోజు మామూలు గాలే అని వాళ్లు చెప్పారు కదా?"

"చెప్పారు. అర్ధరాత్రి బెలూను చూసి చెప్పారు. తుఫానుకు ఆ తాఖీదు అందిందో లేదో!" అంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆమె సంజాయిషీ రాయడానికి రిజిస్టరు తీసి ఆ ఐదింటి పేర్లూ చూసింది. ఇంగ్‌వాల్. తూర్‌ఫిన్. ఇంగ్‌వాల్. హాల్వార్. మళ్లీ ఇంగ్‌వాల్. వంటాయన లేడు, కుక్కలు లేవు, తనూ లేదు. అందరూ పడవలు నడిపేవాళ్లే. ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో సన్నగా ఒక దిక్కు, ఎన్ని కిలోమీటర్లో. అన్నీ మంచు అంచు దగ్గరవే.

పడవ ఎక్కడుందో యంత్రాలు చెప్పని రోజులవి. చేపలు దొరికే చోటును ఆ నీళ్లలో ఏ పడవవాడూ కన్నతల్లికి కూడా చెప్పడు. రాన్‌వైగ్ కలం అక్కడే పడేసి పరుగెత్తింది.

బెలూన్ల షెడ్డులో బెలూను అప్పటికే సగం నిండింది.

"వీల్లేదన్నాను కదా?"

"విన్నాను. అందుకే దీనికి మీ పేరు పెట్టాను."

"ఇంగ్‌వాల్ పేరు పెట్టండి. దారం ఇటివ్వండి." ఆమె ముడి వేస్తూ అడిగింది. "అసలా కెటిల్ ఉందా?"

"నాకెప్పుడూ కెటిల్ లేదు. నేను గిన్నెలో కాచుకుంటాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఎక్కడున్నావయ్యా అని మర్యాదగా అడిగితే 'సముద్రంలో' అంటారు. దొంగా అంటే దూరాలతో సహా చెబుతారు. అక్కడ డెక్కు మీద మంచు పేరుకుందంటే చలిగాలి బయల్దేరినట్టే."

ఆయన ముడిని లాగి చూశాడు. మరోసారి లాగాడు. విప్పలేదు.

గంటన్నరలో అంకెలు వచ్చాయి. ఐదు కిలోమీటర్ల పైన రాత్రి కంటే పది డిగ్రీల చలి ఎక్కువ, గాలి పూర్తిగా తిరిగిపోయింది. ఒడ్డున ఉన్న అధికారి రేడియోలో గద్దించాడు. "మూడోది ఎవరు అనుమతించారు?"

"నేనే. సంజాయిషీ తర్వాత రాస్తాను. ముందు అంకెలు చూడండి."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. పదిగంటలకు హెచ్చరిక వచ్చింది: సాయంత్రం నాలుగుకల్లా ఉత్తరం నుంచి పెను తుఫాను.

రాన్‌వైగ్ ఇంగ్‌వాల్‌ను బతిమాలింది. "అయ్యా, దయచేసి మా అఖాతంలోకి వచ్చేయండి."

"వల నిండుగా ఉందమ్మా. ఇలాంటి హెచ్చరికలు చాలా చూశాను. రేపు వస్తాలే."

పడవలో ఆరుగురున్నారు. ఆమె మళ్లీ మైకు నొక్కబోయింది. ఒడ్వార్ దాన్ని లాక్కున్నాడు.

"మంచిది, రాకురా! ఇటొచ్చావంటే పడవంతా వెతికి నా కెటిల్ పట్టుకుంటాను. దొంగకు ఆ మాత్రం భయం ఉండాలి."

"భయమా? నాకా? వస్తున్నాను, అక్కడే ఉండు! మూలమూలా వెతుక్కో!"

నాలుగున్నరకు తుఫాను జెండా కర్రను విరిచి తీసుకుపోయింది. అప్పటికి లోమ్వీ పడవ దీవికి దక్షిణాన, కొండ చాటున లంగరు వేసి గంటన్నర అయింది. ఆరుగురూ వంటగదిలో చేపల చారు తాగుతున్నారు. రిజిస్టరులో రాన్‌వైగ్ స్వయంగా రాసింది: 'ఇంగ్‌వాల్. ముప్పై నాలుగున్నర.' ఆస్లాక్ రెండో గిన్నె చారు ఇంగ్‌వాల్‌కు వడ్డించలేదు.

ఇంగ్‌వాల్ సంచిలోంచి ఒక కెటిల్ తీసి బల్ల మీద ఠంగున పెట్టాడు. "ఇదిగో. పెళ్లికి మా అత్తగారు పెట్టింది. తీసుకుని ఇక నోరు మూసుకో."

ఒడ్వార్ ముఖం పాలిపోయింది. ఆయన కెటిల్‌ను ఇటూ అటూ తిప్పాడు. పిడి ఊగుతోంది, కొమ్ము మొదట్లో కారుతోంది. చంకలో పెట్టుకుని పనిముట్ల గదికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పైకప్పు దడదడలాడుతుంటే లోపలి నుంచి సన్నగా సుత్తి చప్పుడు వినిపించింది.

తెల్లారేసరికి గాలి తగ్గింది. ఇంగ్‌వాల్ చిన్న పడవలోకి ఎక్కబోతుంటే ఒడ్వార్ గట్టు దిగి వచ్చి కెటిల్ అతని చేతుల్లో పెట్టాడు. కొమ్ముకు కొత్త అతుకు, పిడికి కొత్త రివెట్లు.

"ఇది నాది కాదు. నాదాని మూత నీలం."

"నీలమా? పోయినేడు ఎరుపన్నావు!"

"అయితే రెండు దొంగిలించావన్నమాట. అవి తెచ్చే దాకా నిన్ను వదిలేది లేదు."

ఇంగ్‌వాల్ కెటిల్‌ను తలకిందులుగా తిప్పి అతుకు మీద బొటనవేలితో రుద్ది చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. దాన్ని చొక్కా లోపల దోపుకుని, తిట్టుకుంటూ తెడ్డు అందుకున్నాడు.