ఎండలో చూడాల్సిన నలుపు: మదనపల్లె నుంచి కుప్పం దాకా ఒక కారు

ఈ ప్రయాణం నేను సరదాకి చేసింది కాదు. కొత్తగా పెయింటు వేసిన ఒక నల్ల కారుని మదనపల్లె నుంచి కుప్పం తీసుకెళ్లి ఓనరుకి అప్పజెప్పాలి. అంతే పని. నేను కురబలకోట దారిలో ఒక టింకరింగ్, పెయింటింగ్ షెడ్డులో చేస్తాను. ఎవరూ పనిగట్టుకుని నేర్పింది లేదు. చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఎక్కువ తిట్లు రెడ్డెప్పన్నవి. ముప్పై ఏళ్లు స్ప్రే గన్ పట్టిన మనిషి. ఆ ముప్పై ఏళ్లూ ముక్కుకి తడి తువ్వాలు కట్టుకునే పెయింటు కొట్టాడు. మంచి మాస్కు ఒకటి తెచ్చిపెట్టాలని ఏ షెడ్డు ఓనరుకీ తోచలేదు. కంప్రెసరు చెడిపోతే మాత్రం అదే రోజు మెకానిక్కు వస్తాడు. ఇప్పుడు అన్న తిరుపతి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఇక గన్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. నేను తీసుకెళ్లాల్సిన ఈ నల్ల కారే ఆయన చేతి చివరి పని.

పైన మెరుపు కోటు కొట్టిన మరుసటి రోజే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. కాబట్టి ఆ కారుని ఆయన షెడ్డులో ట్యూబ్‌లైట్ వెలుగులో చూశాడే తప్ప బయట చూడలేదు. బయలుదేరే ముందు రోజు ఫోన్ చేశాడు. "రేయ్, ట్యూబులైటు కింద అన్ని పెయింట్లూ బాగానే ఉంటాయి. నలుపును ఎండలో సూడాల. కుప్పంలో ఎండలో నిలబెట్టి బానెట్టు ఫోటో తీసి పంపు. నేను సూడాల" అన్నాడు. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నాడు. సరేనన్నా అన్నాను. ఒక్క గీత కూడా పడకుండా చూసుకుంటానని నేనే మాటిచ్చాను, ఆయన అడగకపోయినా.

మదనపల్లె నుంచి పుంగనూరు ముప్పై కిలోమీటర్లు అటూ ఇటుగా, అక్కడి నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. మొత్తం నూటపదిహేను దాకా వస్తుంది. మామూలుగా మూడు గంటల లోపు పోవచ్చు. నేను పది గంటలకి బయలుదేరి ఐదు గంటలు తీసుకున్నాను, ఎందుకంటే స్పీడు నలభై దాటనివ్వలేదు. కొత్త పెయింటు పైకి గట్టిపడినట్టు కనిపిస్తుంది కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. నెల రోజులు దానికి కవరు కప్పకూడదు, మైనం పూయకూడదు. ముందు పోయే లారీ టైరు లేపే చిన్న కంకర రాయి చాలు, పెచ్చు లేచిపోతుంది. మీరు ఉదయం పూట బయలుదేరితే మార్కెట్ యార్డు వైపు వెళ్లకండి. టమాటా బళ్లు, లారీలు, ఆటోలు ఒకదాని ముక్కు ఇంకోదానికి ఆనించి నిలబడి ఉంటాయి. నేను చుట్టు తిరిగి వెళ్లాను. పక్కసీట్లో మెత్తటి గుడ్డలు రెండు, రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి పెట్టుకున్నాను. ఎంత జాగ్రత్తగా ఉన్నానో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఎంత వెధవననేది ముందు ముందు మీకే తెలుస్తుంది.

పదకొండుంబావుకి పుంగనూరు దాటి రోడ్డు పక్కన ఒక రేకుల హోటల్ దగ్గర ఆగాను. మునెమ్మ అనే ఆవిడ నడుపుతుంది. రాగి సంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి అరవై రూపాయలు, కడుపు నిండుతుంది. ఆగిన వెంటనే నా బాధ తిండి కాదు, కారు ఎక్కడ పెట్టాలన్నది. ఎండ మాడిపోతోంది. హోటల్ ఎదురుగా పెద్ద చింతచెట్టు, దాని కింద ఒక తెల్ల కారు నిలబడి ఉంది. పక్కనే ఇంకో కారుకి చోటుంది.

"ఆ సింతసెట్టు కింద పెట్టుకో నాయనా, సల్లంగా ఉంటాది" అంది మునెమ్మ, సంగటి కెలుకుతూనే.

"ఆ చెట్టు మీద ఎన్ని కాకులుండాయో సూసినావామ్మా?"

"కాకులకి నీ కారే దొరికిందా? ఈడ రోజూ ఎన్ని కార్లు ఆగతాయి."

నేను వినలేదు. పక్షి రెట్ట పెయింటుని తినేస్తుందని నాకు తెలుసు. చెట్టు జిగురు ఎండలో మాడితే గోరుతో గీకినా రాదని తెలుసు. చెట్టు మొదట్లో ఆవొకటి కట్టేసి ఉంది, అది ఒళ్లు గోక్కోవడానికి కారే వెతుక్కుంటుందని కూడా తెలుసు. ఇన్ని తెలిసిన నేను తెలివిగా ఏం చేశానంటే, హోటల్ పక్కన ఆగి ఉన్న టమాటా లారీ నీడలో పెట్టాను. పొద్దు నడినెత్తికి వస్తోంది కాబట్టి నీడ రెండడుగులే ఉంది. కారు కుడి పక్కని లారీకి దాదాపు ఆనించినట్టు తోశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది మదనపల్లె. మా అమ్మ యార్డులో టమాటాలు ఏరుతుంది. నేను చిన్నప్పుడు ఆడుకున్నది టమాటా పెట్టెల మధ్యే, మా రోడ్ల మీద ఎర్రగా నలిగి ఉండేదీ అవే. కాకిని చూస్తే భయమేసింది, ఆవుని చూస్తే భయమేసింది, టమాటాని చూస్తే ఏమీ అనిపించలేదు. మా ఊరివాడికి అది కంటికి ఆనదు. రోడ్డు మీద దుమ్ము ఎలాగో అది కూడా అంతే.

నేను సంగటి ముద్ద రెండోది పెట్టించుకునేసరికి లారీ డ్రైవరు తాడు బిగించడం మొదలుపెట్టాడు. నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను. పై వరుస పెట్టెలు బయటికి పొంగి ఉన్నాయి. తాడు బిగిసేసరికి అవి నలిగి, పండి కుళ్లినవన్నీ చిట్లి, రసం లారీ పక్కగా కారి కారు మీద పడింది. నేను చెయ్యి కడుక్కుని, టీ తాగి వచ్చేసరికి ముప్పావుగంట. ఇంజను వేడి లోపల, ఎండ పైన. నీడ అప్పటికే లారీ కిందికి పోయింది. బానెట్టు కుడివైపు అరచేయంత మేర విత్తనాలతో సహా అతుక్కుని ఎండిపోయింది.

నాకు కళ్లు కనబడలేదు. డ్రైవరు మీద అరిచాను. కర్ణాటకలో ముళబాగిలు వైపు మనిషి, పేరు నంజుండప్ప అట.

"ఏమప్పా, టమాటా రసమే కదా. యాసిడ్ పోసినట్టు ఎగరతాండావే."

"అదీ యాసిడ్డే. పచ్చి పెయింటు మీద పడితే ఏమవుతాదో తెలుసా నీకు?"

"నాకేం తెలుసప్పా, లారీ తోలేవాణ్ని. అంత తెలిసినోడివి, టమాటా లారీ కిందికి తెచ్చి యాల పెట్టినావు?"

భుజం మీద తువ్వాలు తీసి తుడిచాను. గట్టిగా, కోపంగా, పొడి తువ్వాలుతో. షెడ్డులో కొత్త కుర్రాడెవడైనా అలా తుడిస్తే వాడి చెయ్యి విరగ్గొట్టేవాణ్ని. విత్తనాలు, వాటికంటుకున్న దుమ్ము, అన్నీ కలిసి ఉప్పుకాగితంలా గీశాయి. తీసి చూస్తే ఎర్ర మరక పోయింది, కింద నలుపు పొగచూరిన అద్దంలా మసకబారి ఉంది. దాని మీద అడ్డంగా సన్నటి గీతలు.

మునెమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. తర్వాత చింతచెట్టు కింద ఉన్న తెల్ల కారు వైపు చూసింది. "కాకులు దాని మీద ఒక్క రెట్ట గూడా ఎయ్యలేదు సూడు నాయనా" అంది. ఎగతాళి చేసిందో, జాలిపడిందో తెలియలేదు.

అక్కడి నుంచి దారి బాగుంటుందని అందరూ రాస్తారు. పలమనేరు దాటాక అడవి, గుట్టలు, ఏనుగులు దాటే చోట్ల హెచ్చరిక బోర్డులు. చీకటి పడ్డాక ఆ దారిలో ఆగకండని పలమనేరు పెట్రోలు బంకులో చెప్పారు. మీకూ అదే చెప్తున్నాను. నేనైతే ఆ అడవిని చూడలేదు. అద్దంలోంచి బానెట్టు కుడి మూలే కనిపిస్తూ వచ్చింది. వంపు తిరిగినప్పుడల్లా ఎండ ఆ మచ్చ మీద పడేది, చుట్టూ ఉన్న నలుపులో మబ్బులు పోతుండేవి. మచ్చలో మాత్రం ఏమీ కనబడేది కాదు.

మూడు గంటలకి కుప్పం చేరాను. కారు ఓనరు గోవిందప్ప ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్లో సూపర్‌వైజరు. రాళ్లు కోసేచోటికి ముందు వీధంతా తెల్లటి పొడి. ఆకుల మీద, గోడల మీద, నిలబెట్టిన బళ్ల మీద. ఆయన నవ్వుతూ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. నేనే చెప్పేశాను.

"సార్, కుడిపక్క మచ్చ పడింది. దారిలో నా తప్పు."

వంగి చూశాడు. వేలు పెట్టి రాశాడు. "యాడప్పా? ఓ, ఇదా. ఇంతదానికి మొగం ఎందుకట్ల పెట్టినావు. మా ఊర్లో ఒక నెల ఉంటే ఇట్లాంటివి వంద పడతాయి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. జేబులోంచి చేతిరుమాలు తీసి, అప్పుడే వాలిన రాతిపొడిని బానెట్టు మీద తుడవబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. రాతిపొడిని పొడిగుడ్డతో తుడిస్తే పెయింటుని అరగదీసినట్టే, ముందు నీళ్లు పొయ్యాలని చెప్పాను. అప్పుడే కొని పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు తెచ్చి చూపించాడు. నెల రోజులు కప్పొద్దని, తర్వాత కూడా కడిగి ఆరబెట్టి గుడ్డ కవరే కప్పమని, దుమ్ము మీద కప్పితే గాలికి ఆ కవరే రుద్ది గీతలు పెడుతుందని చెప్పాను. అన్నిటికీ తలూపాడు. చెయ్యడని నాకు తెలుసు. ఆయనకి అది కారు. ఆపీసుకి పోయి వచ్చేది.

ఫోటో తియ్యాలి. కారుని ఎండకి ఎదురుగా తిప్పాను. ఎడమవైపు నుంచి వంగి, మచ్చ పడకుండా తీశాను. నిజంగా బాగుంది. ఆకాశం, కరెంటు తీగలు, ఎదురు గోడ మీద గుడ్డలు, అన్నీ ఆ నలుపులో ఉన్నాయి. పంపాను. రెండు నిమిషాల్లో రెడ్డెప్పన్న ఫోన్.

"బాగొచ్చిందిరా" అన్నాడు. ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత, "కుడిపక్క ఏమైంది?"

"ఏం లేదన్నా."

"బానెట్టు ఫోటో ఎవుడన్నా ఎదురుగా నిలబడి తీస్తాడు. నువ్వు ఎడంపక్క మూలకి పోయి కూసున్నావు. రెట్టా, జిగురా?"

"టమాటా."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, చాలాసేపు ఆగలేదు. "మదనపల్లోడివేలే" అన్నాడు చివరికి. "తుడిసినావా?"

"తుడిసినానన్నా."

"పొడిగుడ్డతో." అది ప్రశ్న కాదు. ఆయనకి నా కోపం తెలుసు, నా చెయ్యి తెలుసు.

నెల ఆగి వచ్చి సన్నగా పాలిష్ పట్టి సరిచేస్తానన్నాను. "ఎంత పట్టినా ఆడ కోటు పలసనైపోతాది. ఎండలో తెలుస్తాది" అన్నాడు. గోవిందప్పకి తెలియదన్నా, అన్నాను. "ఆయప్పకి తెలీకపోతే నాకేమి? ఆ పక్క గూడా తీసి పంపు. అది నా పని. ఎట్లుండాదో అట్లే సూడాల."

ఎదురుగా నిలబడి తీశాను. మచ్చ, గీతలు, వాటి పక్కన నా నీడ, అన్నీ పడ్డాయి. పంపాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి.

కుప్పం నుంచి పలమనేరుకి బస్సు, అక్కడ మారి మదనపల్లె. తిరుగు ప్రయాణమంతా ఒకటే తిరిగింది బుర్రలో. ముప్పై ఏళ్లు ఒక మనిషి ఊపిరి పోసి ఇతరుల కార్లకి అద్దాల్లాంటి ఒళ్లు చేశాడు. వాటిని ఎండలో, వానలో, చెట్ల కింద, రాతిపొడిలో పడేసే వాళ్లకి అది ఎవరి చెయ్యో తెలియదు. వాళ్ల మీద కోపం పెట్టుకుందామనుకున్నాను, కుదరలేదు. చివరి పనిని పాడు చేసింది తెలియని వాడు కాదు. తెలిసిన వాణ్ని నేనే, ఎదుటివాడి మీద కోపంలో నా చేతికి వచ్చిన పని మర్చిపోయాను.

మీరు ఈ దారిలో వెళ్లేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కారు బయట పెట్టినప్పుడు దాని మీద ఏం పడినా, రెట్ట కానీ, జిగురు కానీ, టమాటా కానీ, ముందు తుడవకండి. నీడలోకి జరిపి, బానెట్టు చల్లారనిచ్చి, నీళ్లు పోసి, తడిగుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేయండి. అది నాని దానంతటది లేచాక మెల్లగా ఎత్తి తీయండి. దీనికి ఒక సీసా నీళ్లు చాలు. నా సీసా ఆ రోజు నా పక్కసీట్లోనే ఉంది, మూత తియ్యకుండా కుప్పం దాకా వచ్చింది.