బుడాన్ మాట మీద వచ్చిన స్పీకర్లు

పాత స్పీకర్లు కావాలని అడిగితే బుడాన్ ముందు మా ఇల్లు చూడాలన్నాడు. ప్రత్తిపాడు నుంచి బస్సులు మారి పొదిలి వచ్చి, మా ముందు గదిలో నాలుగు మూలలా నిలబడి చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, మనిషికేమైనా తేడానా అని నన్ను సైగతో అడిగింది.

"గది సరిపోద్ది మాస్టారూ. ఆ గాజు బీరువా మాత్రం తీసేయండి, గలగలమంటది" అన్నాడు.

నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. కాస్త మంచి సంగీతం వింటూ కూర్చోవాలని కోరిక. కొత్త స్పీకర్లు కొని చూశాను. అరుపు ఎక్కువ, బలం తక్కువ. గుండెకు తగిలే బేస్ కావాలంటే పాతవే వెతకాలనీ, అందుకు బుడానే దిక్కనీ నలుగురూ చెప్పారు.

మిరపకు ధర బాగా పలికిన ఏడాది ఏ ఊళ్లో ఎవరు పెద్ద టేపు సెట్టు కొన్నారో బుడాన్‌కు కంఠతా వచ్చు. వెతుకులాట ఆ ఇళ్లలోనే మొదలుపెడతాడు. అప్పటి పెట్టెలు ఇప్పుడు ఏ పూలకుండీ కిందో, మిరప బస్తాల వెనకో పడి ఉంటాయి. దుమ్ము తుడిచి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటాడు. కోను చుట్టూ ఉన్న స్పాంజి పొడిపొడిగా రాలిపోయి ఉంటే బెంగపడడు, కొత్తది అంటించుకుంటాడు. కర్ర పుచ్చితే మాత్రం లేచి వచ్చేస్తాడు.

వాళ్ల నాన్న ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏకే విల్లు నారి 'ధుం' అంటూంటే ఆ పక్కనే నిద్రపోయేవాణ్ణని బుడాన్ చెప్పాడు. "బేస్ అంటే నాకదే మాస్టారూ. చెవి కంటే ముందు పొట్టకి తెలవాలి." పెట్టె లోపల కూరడానికి మిల్లు దూది వాడడు. అరవై దాటినా ఇప్పటికీ తనే ఏకుతాడు.

అతనికో కట్టుబాటు ఉంది. అమ్మినవాళ్లు ఒక్కసారైనా కొన్నవాళ్ల ఇంటికి వచ్చి విని వెళ్లాలి. "ముప్పై ఏళ్లు వాళ్లింట్లో మోగిన పెట్టె. ఎవరింటికెళ్లిందో చూసుకోవద్దా?" అంటాడు.

నా కోసం అతను తెచ్చినవి వెంకటరావమ్మ గారివి. ప్రత్తిపాడులో ఆమెది మిరప సేద్యం. భర్త పోయి రెండేళ్లయింది. ఎందరడిగినా ఆమె ఆ స్పీకర్లు ఇవ్వలేదు. కొన్ననాటి నుంచీ వాటి మంచిచెడ్డలు చూసింది బుడానే. విడదీసి ముక్కలుగా అమ్మననీ, వినే ఇంట్లోనే పెడతాననీ అతను మాట ఇస్తే, అప్పుడు ఒప్పుకుంది.

వాటిని ట్రక్కు ఆటోలో వేసుకొచ్చింది అతని బావమరిది జాన్ బాషా. ఆ రోజు బుడాన్‌కు మోకాలి నొప్పి, రాలేకపోయాడు. పొద్దున బయలుదేరిన ఆటో మర్నాడు సాయంత్రానికి మా వాకిట్లో ఆగింది. దారిలో చెడిపోయిందన్నాడు. బుడాన్ దగ్గరుండి పని నేర్పిన మనిషి, నాకు అనుమానమెందుకొస్తుంది? టీ ఇచ్చి, దండం పెట్టి మరీ పంపాను.

నాలుగు నెలలు విన్నాను. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి వినిపించాను. "బేస్ అంటే ఇదీ!" అని గొప్పలు పోయాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మిరప కోతలన్నీ అయ్యాక బుడాన్ వెంకటరావమ్మ గారిని వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై ఏళ్లావిడ. బాగా చెవుడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేరుగా వెళ్లి నేల మీద చతికిలబడి, ఎడమ పెట్టెకు వీపు ఆనించింది. మధ్యాహ్నాలు భర్త మృదంగం క్యాసెట్ పెడితే, ఆమె ఇలాగే ఆనుకుని మిరపకాయలకు తొడిమలు తీసేదట. నేనూ మృదంగమే పెట్టాను. దరువు మొదలవగానే బుడాన్ నా ఆంప్లిఫైయర్ వైపు అనుమానంగా చూశాడు.

"పెట్టావా నాయనా?" అంది వెంకటరావమ్మ గారు.

సౌండు పెంచాను. కిటికీ రెక్కలు అదిరాయి.

"అరుపు వినపడతంది. వీపుకి తగలట్లేదు" అందామె. "ఇయ్యి మాయి కాదు బుడానూ."

"మీయేనమ్మా!" అని నవ్వుతూ వచ్చి అతను పెట్టె మీద అరచెయ్యి వేశాడు. నవ్వు ఆగిపోయింది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, ముందున్న గుడ్డ చట్రం ఊడదీశాడు.

లోపల బేస్ పలికించే ఊఫర్ కొత్తది. చవక రకం. దాన్నీ విప్పి బయటికి లాగాడు. వెనక అయస్కాంతం నా గుప్పెడు కూడా లేదు. దాని వెనక మాత్రం బుడాన్ ఏకిన దూదే, పొర మీద పొర, ఎక్కడా నలగకుండా తిరిగి సర్ది ఉంది. రెండో పెట్టె కూడా విప్పాడు. అందులోనూ అంతే.

"ఇట్టా సర్దడం వాడికి నేనే నేర్పా" అన్నాడు.

చేతుల నిండా దూది ఉంటే తన ఫోనులో బావమరిదికి నన్నే కలపమన్నాడు. స్పీకర్ ఆన్ చేసి కింద పెట్టాను. జాన్ బాషా కాసేపు బుకాయించి, తర్వాత దిగొచ్చాడు.

"ఆ ముసలమ్మకి చెవుడు బావా. ఆ మాస్టారికా, పాటకీ రొదకీ తేడా తెలవదు. ఎవరు కనిపెడతార్లే అనుకున్నా."

నా మొహం మాడిపోయింది. వాడన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

"ఎక్కడున్నయ్‌రా అయ్యి?"

"బెంగుళూరు ఎల్లిపోయినయ్ బావా. ఎవరి చేతిలో పడ్డయ్యో నాకూ తెలవదు."

"నా చేత్తో నేర్పితిని గదరా నీకు!"

"తీసే ముందు అక్కకి చెప్పా బావా. వద్దని తిట్టింది. తీసినాక, నీకు చెప్పొద్దంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఖుర్షిదా దొంగ కాదు పాపం, బుడాన్ భార్య, దొంగకు అక్క. ఈ మాట కడుపులో పెట్టుకుని నాలుగు నెలలు రోజూ అతనికి అన్నం వడ్డించింది. బావమరిది మాటకు ఉబికిన కోపం బుడాన్ ముఖంలో ఆ క్షణంలోనే చల్లారింది. కోపమే నయం అనిపించింది నాకు.

వెంకటరావమ్మ గారికి ఫోను మాటలు వినపడలేదు. "ఎవరయ్యా తీసింది?" అంది.

బుడాన్ ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాడు. "నావాళ్లేనమ్మా."

"వాళ్లెవరో నాకెందుకు? నేనిచ్చింది నీ మాట మీద" అందామె. తిట్టినా బాగుండేది. మెల్లగా అంది.

అంతలో ఫోను మోగింది. ఖుర్షిదా. అతనెక్కడున్నా ఆ వేళకు అన్నం తిన్నావా అని అడగడం ఆమె అలవాటట. మోగి ఆగి, మళ్లీ మోగింది. బుడాన్ దాన్ని మోచేత్తో నా వైపు నెట్టాడు.

"తిన్నాడని చెప్పండి మాస్టారూ."

ఎత్తాను. "ఏవండీ, తిన్నారా? మాస్టారింట్లో అంతా బాగానే ఉందా?" అందామె గబగబా.

"నేనమ్మా, మాస్టార్ని. తిన్నాడు" అన్నాను. అతను మా ఇంట్లో అప్పటిదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఒక్కసారి ఆయనకివ్వండి మాస్టారూ" అంది.

ఇవ్వబోయాను. బుడాన్ చెయ్యి చాపలేదు.