పద్మ వదినె బూట్లకు నేను వేసిన ముడి

వదినె పడ్డదని నాకు మొదట వచ్చి చెప్పింది మాతో గుట్ట మీది గుడికి వచ్చిన సాయవ్వ. అప్పటికే కిందికి దిగి, కొబ్బరిముక్క నములుతున్నాను. ఆ మాట వినగానే నోట్లోది మింగలేకపోయాను. ఏళ్లు గడిచాయి. అది ఇంకా గొంతులోనే ఉన్నట్టుంటుంది. మీకు చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పలేక.

పద్మ వదినె మా పెద్దన్న భార్య. నేను బడికి పోలేదు. వంటింటి గచ్చు మీద బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమే. ఈ నాలుగు ముక్కలు ఆమె పెట్టిన భిక్ష.

ఆమెకు షుగరు. పాదాలు జాగ్రత్త అని డాక్టరు అన్నాడని గుట్ట దారి కోసం బాన్సువాడ బజారులో బూట్లు కొన్నది. మడమను వెనక్కి ఆనించి, వేళ్ల దగ్గర నుంచి ఒక్కో వరుస బిగిస్తూ చీలమండ దాకా కట్టాలని, లేకపోతే దిగేటప్పుడు పాదం లోపల జారుతుందని దుకాణంలో చూపించారు. ఇద్దరం విన్నాం.

ఎక్కేటప్పుడు తనే కట్టుకుంది. పైన నా కొబ్బరికాయ కూడా ఆమే కొడుతూ చేతి బొటనవేలు నలగ్గొట్టుకుంది. దర్శనమయ్యాక, ఆ వేలితో బిగించలేక, లేసులు కట్టమని నన్ను అడిగింది.

నా చేతిలో ప్రసాదం. గుడి బయట విడిచిన బూటుకు పేడ. ఈ చేతులతో ఇదెట్లా ముట్టేది అనుకున్నాను. రెండు వేళ్ల కొసలతో, ముఖం పక్కకు తిప్పుకుని, పై కొక్కేలు వదిలేసి ఏదో ఒక ముడి వేశాను.

“గట్టిగ కట్టినవా పిల్లా? నీ జడ లెక్క వదులుగుంటే కిందిదాంక దొర్లుకుంటనే వస్త,” అని నవ్వింది.

“గట్టిగనే కట్టిన వదినె. నడువు ఇగ.”

ఆమెను వెనక వదిలి ముందు దిగాను, చేతులు కడుక్కోవాలన్న తొందరలో.

చీలమండ విరిగింది. పడ్డప్పుడు తగిలిన పుండు షుగరుకు మానలేదు. దవాఖానలో పాదం తీసేశారు. ఆ రోజే మంచం పక్కన అన్న, “లేసు కట్టుకునుడు రానిదానికి బూట్లెందుకే?” అన్నాడు. వదినె నా వైపు చూడకుండానే, “తొవ్వ నడుమల బిగువైతే నేనే ఇప్పి వదులు చేసుకున్న,” అంది. నలిగిన వేలితో ఎట్లా విప్పుతుంది? ఆ వేలు పడ్డప్పుడే నలిగిందనుకున్నాడు అన్న. నేను నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి, నా పేరు బయటికి రానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. అదీ నా భక్తి. భయంతో నోరు మూసుకోవడం మనుషులు చేసేదే అనుకోవచ్చు, కానీ ఒకరి పాదం పోయిన రోజున ‘మేలు చేశావు తండ్రీ’ అన్న ఈ నోటితో రోజూ ఎట్లా పూజ చేస్తున్నాను? వినేవాడికి ఓకరింత రాదా? నా మీద నాకు కలిగే రోత ముందు ఆ పేడ ఏపాటిది?

క్షమించమని ఆమెను అడగలేదు. అడిగితే వెంటనే క్షమిస్తుంది. అది తీసుకునే ముఖం నాకు లేదు.

ఇప్పటికీ మా గల్లీలో ఎవరు గుట్టకు బయలుదేరినా, “పద్మ లెక్క చేయకుండ్రి, మంచిగ కట్టుకోండ్రి,” అంటారు. ఆమె విని ఊరుకుంటుంది. కట్టింది నేను. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.

మీరెప్పుడైనా గుట్ట ఎక్కబోతూ, దిగబోతూ వంగి లేసులు బిగించుకుంటే, పద్మ వదినెను ఒకసారి తలుచుకోండి. ఆమె ఏ తప్పూ చేయలేదు.