గంగాళం దిగిన అయ్యవారు

ఆ కబురు మాకు మొదట తెచ్చింది పాలు పోసే ఆమె. ఆ వేసవికి ఆమె బర్రె వట్టిపోయింది. అయినా అలవాటు కొద్దీ పొద్దున్నే ఉత్త చెంబుతో వచ్చి మా గడపలో కూర్చునేది.

"అమ్మా, ఈ పొద్దు గుడి బాయి కాడికి పోవద్దు. ఉండే నీళ్లన్నీ గంగాళాలకు తోడేసినారు. వరుణజపం అంట."

ఎనభైల మొదట్లో, వానలు వరసగా తప్పిన రోజులవి. వడమాలపేట దగ్గర మా ఊళ్లో గుడి బావి ఒక్కటే ఇంకా కాస్త ఊరుతుండేది. వరుణజపం నీళ్లలో నిలబడి చేయాలి. ఏరు ఎండిపోయింది కాబట్టి ఇత్తడి గంగాళాలు నింపి, వాటిలో నిలబడి చేయాలని పెద్దలు నిర్ణయించారు. నేను బడికి పోలేదు. మా నాయన దగ్గర నేర్చిన పాశురాలే నా చదువు. జపమంటే నాకు అపనమ్మకం లేదు. కానీ ఆ పూటే మా అత్తగారికి వడదెబ్బ తగిలింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. తడిగుడ్డ వేద్దామంటే బిందె అడుగున మట్టి నీళ్లే మిగిలాయి. మా ఆయన తిరుపతిలో ఆఫీసులో ఉన్నారు.

బిందె తీసుకుని గుడికి పోయాను. అప్పటికే జపం మొదలైంది. అజమాయిషీ చేస్తున్న పెద్దమనిషి అడ్డం వచ్చాడు.

"జపం అయినాక రామ్మా. సాయంత్రానికి అయిపోతాది."

"మా అత్తగారు సాయంత్రం దాకా ఉండేటట్లు లేదన్నా."

"ఊరికంతా వాన కోసరం చేస్తా ఉంటే నీకు మీ అత్త ఎక్కువైందా? పక్కింట్లో అడుగుపో."

"పక్కింటోళ్లే నన్ను అడిగినారు."

దేవుడి మీద రాని కోపం ఆ మనిషి మీద వచ్చింది. కళ్లెదుట అన్ని నీళ్లు పెట్టుకుని, కొంగు నలుపుకుంటూ నిలబడ్డాను.

ఒక గంగాళంలో ఉన్న ముసలి అయ్యవారు మా మాటలు విన్నట్టున్నారు. పుత్తూరు నుంచి వచ్చిన మనిషి, మాకు చుట్టమూ కాదు. మంత్రం పూర్తి చేసి, పంచె ఎత్తిపట్టుకుని కిందికి దిగారు.

"సామీ, జపం చెడిపోతాది," అన్నాడు పెద్దమనిషి.

"నా గంగాళమే కదప్పా. నేను ఈ బండ మీద నిలబడి చెప్తా. ముంచుకో తల్లీ."

బిందె నింపుకుని ఇంటికి పరుగెత్తాను. తడి చీర కప్పి, ఆరినప్పుడల్లా మళ్లీ తడుపుతూ కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు అత్తగారు కళ్లు తెరిచారు. నీళ్లు యాడివని అడిగితే చెప్పాను.

"జపం నీళ్లు నా మీద పోసినావా? ఇంక వాన మన ఇంట్లోనే పడతాది పో," అన్నారు.

వాన ఎక్కడా పడలేదు. ఆ నెలంతా దుమ్ముగాలే. ఆ ముసలాయన దిగబట్టే వరుణుడు రాలేదన్నారు ఊళ్లో. పక్క ఊళ్లలో ఎవరూ గంగాళం దిగలేదు కదా, ఆడ మాత్రం పడిందా అని కనబడిన వాళ్లనల్లా అడిగాను. తర్వాత ఏ జపానికీ ఆయనను మా ఊరికి పిలవలేదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. అత్తగారు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు, నా పిల్లలను ఎత్తుకు తిరిగారు. అందుకు స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

మా వైపు ఆ కరువు మాట వస్తే, జపం చెడగొట్టినాయన ఒకడు ఉండేవాడని కూడా చెబుతారు. మీరు ఆ మాట పక్కన పెట్టండి. కాలే బండ మీద కాళ్లు మార్చుకుంటూ సాయంత్రం దాకా జపం చెప్పిన ఆ అయ్యవారిని ఒక్కసారి తలుచుకోండి.