పాలరాయి అన్నాను

పుదుచ్చేరికి బదిలీ అయిన కొత్తలో యానాం నుంచి మా అత్తగారు వచ్చారు. గుడ్డు కలిసి ఉంటుందేమోనని ఆవిడ కేకు ముక్క కూడా ముట్టరు. అల్లుడి తెలివి చూపిద్దామని ఫ్రెంచివాళ్ల కాలంనాటి చర్చికి తీసుకెళ్లాను. ఊరికొచ్చి మూడు నెలలే అయినా, పుట్టి పెరిగినవాడిలా ఒకటే వాగుడు.

"ఈ స్తంభాలన్నీ ఇటలీ పాలరాయండీ," అన్నాను.

ఆవిడ ముచ్చటపడి ఒక స్తంభానికి చెంప ఆనించారు. "ఎంత చల్లగా ఉందో!" అంటూ కళ్లు మూసుకున్నారు.

పక్కనే ఊడుస్తున్న పెద్దావిడ మా తెలుగు విని చీపురు ఆపింది. "పాలరాయి యాడుంది సార్? సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూసిండారు. అందుకే ఈ పళపళ మెరుపు."

అత్తగారు చెంప మీద చెయ్యేసుకుని నా వైపు చూశారు.

ఇంటికి రాగానే తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ అన్నారు: "గుడ్డు మైల నీళ్లతో పోయింది అల్లుడుగారూ. మీ పాండిత్యం దేంతో పోద్దంటారు?"

ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా బీచికే తీసుకెళ్తున్నాను. సముద్రాన్ని దేంతో కట్టారని ఎవరూ అడగరు కదా!