మాకు అన్నం, వాళ్లకు సంగటి

సెలవులకు కాకినాడ నుంచి పుంగనూరులో అక్క అత్తగారింటికి వచ్చాం. వచ్చినప్పటి నుంచి మాకు ముందుగదిలో అన్నం వడ్డించి, వాళ్లు మాత్రం వంటింట్లో వేడివేడి రాగిసంగటి తింటున్నారు. ఈ రోజు ఇక ఊరుకోలేక కంచం పట్టుకుని వంటింట్లోకే వెళ్లాను.

"నాకూ ఒక ముద్ద పెట్టండి అత్తా!"

"నీకు యాలమ్మా ఇది? గొంతు దిగదు. ఆడ అన్నం పెట్టిండాను సూడు" అని అక్క అత్తగారు నవ్వారు.

నా తరఫున మాట్లాడుతుందని అక్క వైపు చూశాను.

"మీ ఊళ్లో ఇది అలవాటుండదులేవే, పోయి అన్నం తిను" అంది అక్క.

మీ ఊరట! పోయిన వేసవి దాకా అక్కడే నా కంచంలో చేపముక్కలు లాక్కుని తిన్న మనిషి!

అక్క కంచంలోంచి సగం ముద్ద తుంచుకుని, తన పక్కనే కూర్చుని తిన్నాను. కోపం ఇంకా తగ్గలేదు. మీ అక్కలకు కూడా పుట్టిన ఊరు ఇంత తొందరగా 'మీ ఊరు' అయిపోయిందా?